మెనూ తెరిచి చూడండి: టీవీలో బొమ్మ చెడితే లోపం ఎక్కడుందో పట్టుకోవడం

(చెన్నైలో తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. మధ్యలో వచ్చిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. బల్ల మీద సామాను ముందు వరసవాళ్లకి కనబడుతోంది కదా. వెనకవాళ్లకి ఒక్కోటీ ఎత్తి చూపిస్తాను. వెనక మూత తీసేసిన 43 అంగుళాల టీవీ ఒకటి, సెటాప్ బాక్సు, రెండు హెచ్‌డీఎంఐ కేబుళ్లు, టార్చి, ఒక ఎల్‌ఈడీ స్ట్రిప్పు. స్క్రూడ్రైవరూ ఉంది గానీ దానితో పని చాలా తరవాత.

"టీవీలో బొమ్మ బాగోలేదు, వచ్చి చూడండి" అని ఫోన్ చేస్తాం. ఆ ఒక్క మాటతో మెకానిక్‌కి ఏమీ తెలియదు. బొమ్మ మసగ్గా ఉందా, గళ్లుగళ్లుగా విడిపోతోందా, నిలువు గీత పడిందా, ఒక పక్క చీకటా, తెలుపు నీలంగా మారిందా? ఒక్కో జబ్బు పుట్టే చోటు వేరు. బొమ్మ మన కంటిదాకా రావాలంటే నాలుగు మజిలీలు దాటాలి. డిష్షో, కేబులో, ఇంటర్నెట్టో ఒకటి. దాన్ని మోసుకొచ్చే తీగ రెండు. టీవీ లోపలి బోర్డులు మూడు. చివరిది ప్యానెల్, అంటే బొమ్మ కనబడే తెర, దాని వెనక వెలుగు. మొదటి రెండు మజిలీల్లో పుట్టిన జబ్బుకి టీవీ విప్పడం అంటే కడుపునొప్పికి కాలికి కట్టు కట్టడమే.

అందుకే మొట్టమొదటి పరీక్షకి ఖర్చు లేదు, రిమోట్ చాలు. బొమ్మ చెడిపోయి కనబడుతున్నప్పుడే టీవీ రిమోట్‌తో టీవీ సెట్టింగుల మెనూ తెరవండి. సెటాప్ బాక్సు మెనూ కాదు, టీవీది. ఆ మెనూ బయటినుంచి రాదు, టీవీ మెయిన్ బోర్డు తానే గీస్తుంది. ఇదిగో, ఈ టీవీలో కుడివైపు నిలువుగా ఒక ఆకుపచ్చ గీత ఉంది. మెనూ తెరిచాను. గీత మెనూ అక్షరాల మీదుగా కూడా పోతోంది, చూశారా? అంటే ఈ గీత ఏ చానెల్లోంచీ రాలేదు, టీవీలోనే పుట్టింది. అదే, వెనక బొమ్మ గళ్లుగళ్లుగా తెగిపోతూ మెనూ మాత్రం కడిగిన అద్దంలా ఉంటే ప్యానెల్ నిర్దోషి. మూత తీయాల్సిన పని లేదు. ఆ తరవాత ఇంకో హెచ్‌డీఎంఐ పోర్టుకి మార్చి చూడండి, టీవీలోని యాప్‌లో ఒక వీడియో పెట్టి చూడండి. పది నిమిషాల్లో సగం అనుమానాలు తీరిపోతాయి.

గళ్లుగళ్లుగా విడిపోవడం దాదాపు ఎప్పుడూ డేటా తెగడమే. ప్యానెల్ చెడితే గళ్లు రావు. డిష్ ఉన్న ఇళ్లలో బాక్సు మెనూలో సిగ్నల్ పేజీ ఉంటుంది, దానిలో రెండు అంకెలు. స్ట్రెంగ్త్ ఒకటి, క్వాలిటీ ఒకటి. చూడాల్సింది క్వాలిటీ. స్ట్రెంగ్త్‌లో రొద కూడా కలిసే ఉంటుంది, అది 90 చూపించినా క్వాలిటీ పడిపోతే బొమ్మ విరుగుతుంది. డీటీహెచ్ వాడేది కేయూ బ్యాండ్, అంటే 10 గిగాహెర్ట్జ్‌కి పై మాట. ఆ తరంగాల్ని వానచుక్కలు మింగేస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాలు కదా, గట్టి వాన కురుస్తుంటే బొమ్మ పోవడం సహజం. వాన వెలిసిన అరగంటకి కూడా రాకపోతే అప్పుడు డిష్ గాలికి కదిలిందనో, కనెక్టరులో నీళ్లు చేరాయనో అనుకోవాలి.

ఇంకొకటుంది, దీన్ని చాలామంది రిపేరు కింద జమకట్టి డబ్బులు కూడా ఇచ్చేస్తారు. మార్చి మధ్యలోనూ, సెప్టెంబరు చివర్లోనూ కొన్ని రోజులపాటు పగలు దాదాపు ఒకే వేళకి కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆయన రొదలో సిగ్నల్ మునిగిపోతుంది. దానికి మందు ఓపికే.

ఈ కనెక్టరు చూడండి, మేడ మీద డిష్ దగ్గర విప్పింది. మధ్యలో రాగి తీగ మెరవాలి. ఇది పచ్చగా చిలుము పట్టింది. బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు ఉప్పుగాలికి ఇది తొందరగానే వస్తుంది. చిలుము పట్టిన కనెక్టరు కోసి పారేసి కొత్తది వేయించండి. మధ్య తీగ కనెక్టరు అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి. చుట్టూ ఉన్న జాలీ పోగు ఒక్కటి కూడా ఆ తీగకి తగలకూడదు. ఇక్కడ ఒక వెంట్రుకంత పోగు వంగి తగులుతోంది, దగ్గరికొస్తే కనబడుతుంది. బాక్సు ఇదే తీగలోంచి డిష్ ముక్కుకి, అంటే గిన్నె ముందు సిగ్నల్ పట్టుకునే ఎల్‌ఎన్‌బీకి, కరెంటు పంపుతుంది, ఒక వరస చానెళ్లకి 13 వోల్టులు, ఇంకో వరసకి 18. తీగ పాతబడి వోల్టేజి దారిలో జారిపోతే సగం చానెళ్లు వస్తాయి, సగం రావు. "తెలుగు చానెళ్లు మాత్రమే రావట్లేదు" అని ప్యాకేజీ మీద కోప్పడేముందు ఇది చూసుకోవాలి. కనెక్టరు విప్పే ముందు బాక్సు స్విచ్చి ఆపండి, లేదంటే షార్టై బాక్సే పోవచ్చు.

ఇక మసక. కొత్తగా 4కే టీవీ కొన్నారు, పాత టీవీలోనే బాగుండేదని బాధపడతారు. తప్పు టీవీది కాదు. ఎస్‌డీ (హెచ్‌డీకి ముందటి మామూలు నాణ్యత) చానెల్ బొమ్మలో 720 అడ్డం, 576 నిలువు, మొత్తం 4,14,720 చుక్కలు. 4కే తెర మీద 82,94,400. లెక్క సరిగ్గా 20 రెట్లు. అంటే వచ్చిన ఒక్కో చుక్కని టీవీ 20 చుక్కలుగా పిండి పరవాలి. పల్చబడక ఏమవుతుంది? మన ఊళ్లో ఇది మరీ ఎక్కువ. తమిళ చానెళ్లు హెచ్‌డీ ప్యాక్‌లో తీసుకుని తెలుగువి చవకని ఎస్‌డీలో ఉంచేస్తారు, ఆపైన తెలుగు చానెలే మసగ్గా ఉందంటారు. చాలా చానెళ్లకి ఎస్‌డీకొకటి, హెచ్‌డీకొకటి రెండు నంబర్లుంటాయి, హెచ్‌డీ నంబరు వేసి చూడండి. బాక్సు సెట్టింగుల్లో అవుట్‌పుట్ 576 మీదే ఉండిపోయిందేమో చూడండి, దాన్ని 1080కి మార్చాలి. బాక్సునుంచి ఎరుపు, తెలుపు, పసుపు తీగలు వాడుతున్నవాళ్లు ఈ హాల్లో కూడా ఉండే ఉంటారు. ఆ పసుపు తీగలో హెచ్‌డీ పారదు. హెచ్‌డీఎంఐ పెట్టుకోండి.

ఇంటర్నెట్టు యాప్‌ల్లో బొమ్మ మొదట మసగ్గా వచ్చి తరవాత తేటపడితే అది వేగం గొడవ. నెట్‌ఫ్లిక్స్ 4కేకి 15 ఎంబీపీఎస్, 1080కి 5 అడుగుతుంది. మనం వందా రెండొందలూ కట్టుకుంటాం గానీ రూటర్ హాల్లో, టీవీ రెండు గోడల అవతల, మధ్యలో బీరువా. యూట్యూబ్‌లో వీడియో సెట్టింగుల్లో స్టాట్స్ ఫర్ నెర్డ్స్ అని ఉంటుంది, ఆన్ చేస్తే ఆ క్షణాన నిజంగా ఎంత రిజొల్యూషన్ వస్తోందో, ఎన్ని ఫ్రేములు రాలిపోయాయో చూపిస్తుంది. రూటర్‌ని దగ్గరికి తెచ్చి టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి (గోడలు దాటడంలో అది బలహీనం), వీలైతే తీగ వేయండి. చాలా టీవీల్లో ఆ తీగ పోర్టు 100 ఎంబీపీఎస్ మించి పట్టదు, అయినా నిలకడగా ఉంటుంది, బొమ్మకి అదే కావాలి.

(ప్రశ్న: సార్, మూడువేల రూపాయల బంగారుపూత హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే కలర్స్ బాగుంటాయని షాపులో చెప్పారు. నిజమేనా?)

కలర్స్ ఏం మారవమ్మా. హెచ్‌డీఎంఐలో వెళ్లేవి అంకెలు. అంకెలు చేరితే చేరినట్టు, చేరకపోతే తెగినట్టు. కేబుల్ చెడితే బొమ్మ మీద తెల్లటి మెరుపు చుక్కలు ఎగురుతాయి, క్షణంసేపు తెర నల్లబడి మళ్లీ వస్తుంది, లేదా నో సిగ్నల్. రంగు వెలిసినట్టుంది, కాస్త మసగ్గా ఉంది అన్నవి కేబుల్ జబ్బులు కావు. కొనేటప్పుడు పూత చూడొద్దు, పెట్టె మీద ముద్ర చూడండి. 4కే సెకనుకి 60 ఫ్రేములకి 18 గిగాబిట్లు మోయాలి, దానికి ప్రీమియం హై స్పీడ్ ముద్ర. గేమ్ బాక్సుతో 120 ఫ్రేములు కావాలంటే 48 గిగాబిట్ల అల్ట్రా హై స్పీడ్. మూడు మీటర్లలోపు ఉంటే తలనొప్పి తక్కువ. ఒకటి గుర్తుపెట్టుకోండి, టీవీలో ఆ పోర్టుని కూడా తెరవాలి. ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్ అని, శాంసంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అని, సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్ అని ఉంటుంది. అది ఆపి ఉంటే మంచి కేబుల్ కూడా సగం సామర్థ్యంతోనే నడుస్తుంది.

సెట్టింగుల దగ్గరికొద్దాం. ఇక్కడ అసలు రోగం షాపు. షోరూములో వంద ట్యూబులైట్ల కింద పక్క టీవీకన్నా మెరవాలని వివిడ్ మోడ్‌లో పెడతారు, ఇంటికి తెచ్చుకున్నాక కూడా కొన్ని అదే స్టోర్ మోడ్‌లో మిగిలిపోతాయి. ముఖాలు నారింజ రంగులో, తెల్ల చొక్కాలు నీలంగా కనబడతాయి. సినిమా లేదా మూవీ మోడ్‌కి మార్చండి. మొదటి రోజు పసుపుగా, డల్‌గా అనిపిస్తుంది. ఓ వారం ఉంచండి, కన్ను అలవాటు పడ్డాక వెనక్కి వెళ్లబుద్ధి కాదు. కలర్ టెంపరేచర్ వార్మ్‌లో పెట్టండి.

బ్రైట్‌నెస్ అనే మాట దగ్గర అందరూ బోల్తా పడతారు. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అంటే వెలుగు కాదు, నలుపు ఎంత నల్లగా ఉండాలన్నది. వెలుగు పెంచేది బ్యాక్‌లైట్. సోనీ కొత్త టీవీల్లో మళ్లీ తిరగేసి, బ్రైట్‌నెస్సే వెలుగు, నలుపుకి బ్లాక్ లెవెల్ అని వేరే పెట్టారు. రాత్రి సీన్లు కనబడటం లేదని బ్రైట్‌నెస్ పెంచుకుంటూ పోతే నల్లజుట్టు బూడిద రాసినట్టు అవుతుంది. సరిచేయాలంటే సినిమా కింద పైనా వచ్చే నల్లపట్టీలు చూడండి. అవి బూడిద రంగు తేలితే తగ్గించండి, నల్లకోటు మడతలు మాయమైతే పెంచండి. బాక్సు నుంచి వచ్చే బొమ్మ మాత్రమే వెలిసినట్టున్నా, చీకట్లు మాత్రమే ముద్దగా ఉన్నా బాక్సూ టీవీ బ్లాక్ లెవెల్ దగ్గర ఒప్పందం కుదరలేదు. నలుపు నుంచి తెలుపు దాకా ఒకటి 16 నుంచి 235 అని లెక్కపెడుతోంది, ఇంకొకటి 0 నుంచి 255 అని. హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అన్న చోట మార్చి చూస్తే తెలిసిపోతుంది.

షార్ప్‌నెస్‌కి వార్తల స్క్రోలింగు పనికొస్తుంది. అక్షరాల చుట్టూ తెల్లటి అంచు కనబడుతోందా? అది పోయేదాకా తగ్గించండి. షార్ప్‌నెస్ కొత్త వివరం తేదు, ఉన్న అంచుకి గీత గీస్తుంది, అంతే. సినిమా చూస్తుంటే సీరియల్ చూస్తున్నట్టు నున్నగా జారిపోతోందని అనిపిస్తే అది మోషన్ సెట్టింగు. సెకనుకి 24 బొమ్మల మధ్య లేని బొమ్మలు టీవీ కల్పించి పెడుతోంది. ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో. క్రికెట్‌కి ఉంచుకోండి, సినిమాకి ఆపండి.

ఇవన్నీ ఒక్కసారి చేస్తే అన్నిటికీ వర్తించవు. ఇన్‌పుట్ ఇన్‌పుట్‌కీ వేరు, మామూలు బొమ్మకీ హెచ్‌డీఆర్‌కీ (వెలుగునీడల తేడా మరింత ఎక్కువగా చూపించే బొమ్మకీ) వేరు. సెటాప్ బాక్సులో సరిచేసుకుని, సినిమా యాప్‌లో మళ్లీ చీకటిగా ఉందంటే అందుకే. చవక టీవీల్లో హెచ్‌డీఆర్ చీకటిగానే ఉంటుంది, ఆ తెర వెలుగు అంత లేదు మరి. పవర్ సేవింగూ, గది వెలుగు చూసే సెన్సరూ ఆపితే కొంత మెరుగు.

ఇప్పుడు టీవీ లోపలికి. మాట వినబడుతోంది, తెర నల్లగా ఉంది. గది లైట్లు ఆపి, టార్చిని తెరకి దగ్గరగా, ఏటవాలుగా పట్టుకుని మెనూ తెరవండి. పంకా గాలికి ఊగే నీడలా మెనూ డబ్బా అంచు లీలగా కనబడిందనుకోండి. బొమ్మ ఉంది, వెనక దీపం లేదు. బ్యాక్‌లైట్ పోయింది, ప్యానెల్ బాగానే ఉంది. ఇది శుభవార్తే, ఎందుకంటే స్ట్రిప్పులు మార్చవచ్చు.

ఈ స్ట్రిప్పు చూడండి. ఎనిమిది ఎల్‌ఈడీలు, ఒక్కోదాని మీద గాజుబిళ్లలాంటి లెన్సు. పెళ్లింటి సీరియల్ బల్బుల తోరణంలాగా ఒకదాని వెనక ఒకటి. ఇది, నాలుగోది, మధ్యలో నల్లటి చుక్క ఉంది, కాలిపోయింది. ఒకటి తెగితే మొత్తం వరస ఆరిపోతుంది. ఎల్‌ఈడీలకి కరెంటిచ్చే డ్రైవర్ సర్క్యూట్ అది కనిపెట్టి మిగిలిన వరసల్ని కూడా ఆపేస్తుంది. అందుకే టీవీ పెట్టగానే ఒకటి రెండు సెకన్లు వెలిగి ఆరుతుంది. ఆ మెరుపు కనబడితే అనుమానం నూటికి తొంభై దీనిమీదే. తెర మీద చందమామల్లా గుండ్రటి తెల్ల మచ్చలు పడితే ఎల్‌ఈడీ పోలేదు, వేడికి జిగురు ఎండి లెన్సు ఊడి కింద పడింది. మొత్తం బొమ్మ నీలంగానో ఊదాగానో మారితే ఎల్‌ఈడీ మీది పసుపు పూత మాడింది. తెల్ల ఎల్‌ఈడీ అంటే నిజానికి నీలం ఎల్‌ఈడీయే, పసుపు పూతే దాన్ని తెల్లగా చేస్తుంది.

మార్చేటప్పుడు ఒక్క స్ట్రిప్పు మార్చనివ్వకండి, సెట్టు మొత్తం మార్చాలి. పాతవి కూడా అదే వయసువి, ఆర్నెల్లకి ఇంకోటి పోతుంది, పైగా వెలుగు తేడా పట్టీలుగా కనబడుతుంది. విడిభాగాలు దొరికే మన రిచీ స్ట్రీట్‌కి వెళ్లినా టీవీ మోడల్ చెబితే చాలదు. ఒకే మోడల్లో రెండు మూడు రకాల ప్యానెళ్లు వేస్తారు. స్ట్రిప్పు వెనక అచ్చు వేసిన నంబరు, ప్యానెల్ స్టిక్కరు మీది నంబరు ఫోటో తీసుకుని వెళ్లండి. మార్చాక బ్యాక్‌లైట్ వంద మీద పెట్టకుండా 60, 70 దగ్గర ఉంచితే వేడి తగ్గుతుంది, ఆయుష్షు పెరుగుతుంది.

ఇంట్లో స్వయంగా చేద్దామనుకునే తమ్ముళ్లకి ఒక హెచ్చరిక. స్ట్రిప్పుల దాకా చేరాలంటే ప్యానెల్ గాజుని పైకెత్తాలి. అది కాగితమంత పలచన అనుకోండి, అంచున పట్టుకుని ఒంటిచేత్తో ఎత్తితే పగులుతుంది. ఇద్దరు మనుషులు, సక్షన్ కప్పులు కావాలి. పవర్ బోర్డు మీద కరెంటు నిలవచేసే పెద్ద కెపాసిటరులో 325 వోల్టుల డీసీ, కొన్నింటిలో ఇంకా ఎక్కువ, ప్లగ్గు పీకాక కూడా కాసేపు నిలిచి ఉంటుంది. మీటరు పెట్టి చూడకుండా వేలు పెట్టొద్దు.

టార్చి వేసినా ఏమీ కనబడలేదు, లేదా వెలుగు ఉండి బొమ్మ లేదు. అప్పుడు అనుమానం ఈ చిన్న బోర్డు మీద, దీన్ని టీకాన్ అంటారు. మెయిన్ బోర్డు పంపిన బొమ్మని ఏ చుక్క ఎప్పుడు వెలగాలో విడమరిచి ప్యానెల్‌కి చెప్పేది ఇదే. పెద్ద టీవీల్లో దీనికి సాధారణంగా 12 వోల్టులు వస్తాయి. మొదట్లోనే బియ్యపుగింజంత ఫ్యూజు ఉంటుంది, ఇక్కడ. దానికి రెండు వైపులా 12 ఉండాలి, ఒక వైపే ఉంటే ఫ్యూజు పోయింది. ఊరికే ఫ్యూజు మార్చి సరిపెట్టొద్దు, అది ఎందుకు పోయిందో చూడాలి. తెరలో సరిగ్గా సగం మాత్రమే చెడితే టీకాన్ నుంచి వెళ్లే రెండు పట్టీ కేబుళ్లలో ఒకటి వదులై ఉండొచ్చు. ప్లగ్గు పీకి, గొళ్లెం ఎత్తి, పట్టీ బయటికి తీసి, కొసలు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ఆరాక తిరిగి పెట్టి గొళ్లెం వేయాలి. ఉప్పుగాలి ఇళ్లలో దీంతోనే బాగుపడినవి బోలెడు.

ఇక ఈ ఆకుపచ్చ గీత. ప్యానెల్ అంచున పలచటి ప్లాస్టిక్ నాలుకలు అంటించి ఉంటాయి, ఒక్కోదాని మీద ఒక చిప్పు. గీత పడిన చోటికి నేరుగా ఉన్న అంచుని వేలితో మెల్లిగా నొక్కుతున్నాను, గీత మినుకుమంటోంది, వదిలితే మళ్లీ వచ్చింది. నాలుక అతుకు ఊడుతోంది. దాన్ని తిరిగి అంటించడానికి వేడి, ఒత్తిడి కొలిచి ఇచ్చే బాండింగ్ యంత్రం ఉండాలి, హెయిర్ డ్రయర్‌తో అయ్యే పని కాదు. అంచున స్పాంజి ముక్క దూర్చి నొక్కి ఉంచేవాళ్లున్నారు, కొన్ని వారాలు నడుస్తుంది. కొందరు మెకానిక్‌లు పట్టీలో కొన్ని లైన్లకి టేపు వేసి ఒక వైపు ఆపేస్తారు, కొన్ని ప్యానెళ్లలో బొమ్మ వస్తుంది కూడా. అది తాత్కాలికమని చెప్పి చేస్తే ఒప్పుకోవచ్చు, గ్యారంటీ ఇస్తే నమ్మొద్దు. ప్యానెల్ మార్పిడి మాత్రం నా దృష్టిలో వారంటీ లేకపోతే దండగ. కొత్త టీవీ ధరలో పెద్ద భాగం ప్యానెలే.

ఈ అతుకులు చెడటానికి మన చేతిపనీ ఒక కారణం. అద్దాలు తుడిచే నీలం ద్రవాన్ని తెర మీద పిచికారీ కొడతారు, అది జారి కింది అంచులోకి దిగుతుంది, సరిగ్గా కొన్ని టీవీల్లో చిప్పులుండే చోటు అదే. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డని కొద్దిగా తడిపి, గుడ్డ మీదే తడి ఉంచి, టీవీ చల్లారాక తుడవండి.

(ప్రశ్న: అన్నా, మాది ఓఎల్‌ఈడీ. వార్తా చానెల్ లోగో తెర మీద ముద్రలా ఉండిపోయింది. పోతుందా?)

రాత్రి టీవీ ఎలా ఆపుతారు? రిమోట్‌తో ఆపి గోడ స్విచ్చి కూడా ఆపేస్తారు కదా. మన ఇళ్లలో అది అలవాటు, ఒక్కో చుక్కా తానే వెలిగే ఓఎల్‌ఈడీకి అదే శత్రువు. కొన్ని గంటలు చూశాక రిమోట్‌తో ఆపినప్పుడు అది స్టాండ్‌బైలో తనకి తాను చుక్కల అరుగుదలని సరిచేసుకుంటుంది. గోడ స్విచ్చి ఆపితే ఆ పని జరగదు. నెల రోజులు స్విచ్చి ముట్టుకోకండి. తరవాత కూడా ముద్ర మిగిలితే మెనూలో పిక్సెల్ రిఫ్రెషర్ ఒక్కసారి నడపండి, గంటదాకా పట్టవచ్చు, మధ్యలో కరెంటు తీయకూడదు. మాటిమాటికీ నడపొద్దు, అదీ అరుగుదలే. లోగో లీలగా ఉంటే పోతుంది, ఎర్రటి స్క్రోలింగు పట్టీ గట్టిగా ముద్ర పడి ఉంటే పూర్తిగా పోదు.

(ప్రశ్న: చీకట్లో తెర మూలల్లో తెల్లగా వెలుగు కారుతోంది. ఇది కూడా లోపమేనా?)

తల పక్కకి జరిపి చూడండి. జరిగే కొద్దీ ఆ వెలుగు మారితే అది ఐపీఎస్ అనే రకం ప్యానెల్ గుణం, రిపేరు లేదు. ఎటునుంచి చూసినా ఒకే చోట ఉంటే ఫ్రేము ప్యానెల్‌ని గట్టిగా పిండుతోంది. గోడకి బిగించిన స్క్రూలు సమానంగా ఉన్నాయో లేదో చూసి, ఎక్కువ బిగుసుకున్నవి పావు చుట్టు వదులు చేయించండి. టీవీని షాపుకి తీసుకెళ్లాల్సొస్తే ఆటోలో పడుకోబెట్టకండి. నిలువుగా, తెర వైపు దుప్పటి పెట్టి, పక్కన ఒక మనిషి పట్టుకుని కూర్చోవాలి. తెర మధ్యలో చెయ్యి ఆనించకుండా, కింది అంచు, పక్కల ప్లాస్టిక్కే పట్టుకోమని చెప్పండి.